మొరం గోతిలో తీసిన మట్టి

మా పక్కింటి సత్యలక్ష్మి పిన్ని మా అమ్మతో అన్నదట. అమ్మ నాకు అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"నూకమ్మ ఆవులు ఆ భాటా నేలంతా ఎముకల దాకా నాకీసినాయట. మట్టి సచ్చిపోనాదట. ఎవడో లేబు కుర్రోడు మిషన్లో ఎట్టి తేల్చీసినాడట. కాగితం కూడా రాసిచ్చీసినాడట. మరింక ఆవుల్ని తోలీక ఏటి సేత్తారు అంటన్నాది సత్తెలచ్చిమి."

ఆ లేబు కుర్రోణ్ని నేనే. అమ్మకు ఆ సంగతి తెలియదు. నేను ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాను.

కార్ఖానా గేటు బయట కాంట్రాక్టు హాజరు కోసం నిలబడే అన్నలకీ, కాలేజీ మెట్ల మీద కూర్చునే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఈ కథ చెబుతున్నాను. పోరాటం కథ చెప్పేవాడు మొదటి వరసలో ఉండి ఉంటాడని మీరనుకుంటారు. నేను ఎదుటి వరసలో ఉన్నాను. అక్కణ్నుంచి ఇటు రావడానికి నాకు నలభై రోజులు పట్టింది. నడిస్తే అరగంట దూరం.

దుర్గ్ పక్కన మా ఉక్కు కార్ఖానా ఊళ్లో, రుఆబాంధా దాటి ఉతై వైపు పోతుంటే కుడిచేతి పక్క ఎర్రటి గరప నేల కనిపిస్తుంది. ఇక్కడివాళ్లు అలాంటి నేలను భాటా అంటారు. నాగలి దిగదు, నీళ్లు నిలవవు. వంద ఎకరాలుంటుందేమో. ఒకప్పుడు కార్ఖానా కోసం తీసుకున్న భూమి అంటారు. ఇప్పుడు ఎవరిదని అడిగితే ఒక్కో ఆఫీసు ఒక్కో మాట చెబుతుంది. గడ్డికి ఆ అనుమానం లేదు. ఏటా ఆషాఢంలో లేస్తుంది, చలికాలానికి పండుతుంది. దాని మీద మూడు వందల పశువులు బతుకుతాయి. సగం చుట్టుపక్కల పల్లెల యాదవులవి. వాళ్లకు పెద్ద ఉమేష్. మిగతా సగం మన తెలుగు బస్తీ ఆడవాళ్లవి. మొగుళ్లు కాంట్రాక్టు పనిలో అరిగిపోయాక ఒకటీ రెండూ ఆవులు కట్టుకుని, టౌన్‌షిప్పు క్వార్టర్లకు పాలు పోసి పిల్లల్ని పెంచినవాళ్లు. అందరికంటే పెద్దది నూకమ్మ. ఆమెకు పన్నెండు ఆవులు. ఆ నేల తప్ప వాటికి వేరే మేత లేదు, ఆ ఆవులు తప్ప ఆమెకు వేరే బతుకు లేదు.

ఆ నేలకు ఒక కట్టుబాటు ఉంది. మొత్తం ఐదు చెక్కలు. ఒక చెక్కలో గడ్డి పిడికిలి ఎత్తుకు దిగగానే మంద పక్క చెక్కకు పోవాలి. వదిలిన చెక్క మూల కర్రకు పాత చీర పేలిక కడతారు. పేలిక ఉన్నంతకాలం అందులో దూడ కూడా అడుగు పెట్టకూడదు. గింజ పండి రాలాకే విప్పుతారు. మూతి తగిలిన గడ్డి కొన్నాళ్లు వదిలేస్తే మళ్లీ లేస్తుంది, కొత్త వేరు తన్నుతుంది. పాత వేరు నేలలోనే చివికి నల్లబడుతుంది. గిట్టల కింద పేడా ఎండుగడ్డీ మట్టిలోకి దిగుతాయి. వదలకుండా మేపితే వేరు చస్తుంది. అసలు మేపకపోతే ఎండుగడ్డి నిలబడి నిలబడి వేసవిలో తగలబడుతుంది. నేను మూడేళ్లు చదివిన పుస్తకంలో నేలలోని ఆ నలుపును సేంద్రియ పదార్థం అన్నారు. నూకమ్మ "నేలకి నూనె" అంటుంది.

ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున్న నన్ను జీపులో అక్కడికి తీసుకెళ్లారు. నేను దుర్గ్‌లో ఒక ప్రైవేటు మట్టి పరీక్ష ల్యాబులో కాంట్రాక్టు మనిషిని. జీపు ఒక కంపెనీది. బీడు నేలల్లో చెట్లు నాటి, మట్టిలో కర్బనం పెంచి, ఆ పెంచిన పుణ్యాన్ని ఎక్కడో పొగ వదిలేవాళ్లకు అమ్ముకునే కంపెనీ. అది అమ్మాలంటే ముందు ఆ నేల చచ్చిందని ఒక కాగితం కావాలి. ఎంత చచ్చిందని రాస్తే తర్వాత అంత బతికించామని చెప్పుకోవచ్చు.

కంపెనీ మేనేజరు మనోజ్‌కుమార్ రోడ్డు పక్కనే జీపు ఆపించాడు.

"యహీఁ సే లే లో భయ్యా, ఇక్కడి మట్టే తీసుకో. గాడీ లోపలికి పోదు."

అది మొరం, రోడ్లకు వేసే ఎర్రకంకర, తవ్వుకుపోయిన గొయ్యి. నిరుడు రోడ్డు పని కోసం ఇదే కంపెనీ జేసీబీలు పైమట్టి చెక్కేసి మొరం ఎత్తుకుపోయాయి. అడుగున మిగిలింది ఎర్రటి రాతిపొడి. మట్టి తీసేవాడికి మొదటిరోజే నేర్పుతారు: దారి మీద తీయకు, చెట్టు కింద తీయకు, పేడకుప్ప పక్కన తీయకు, తవ్విన గోతిలో అసలే తీయకు.

"సర్, ఇక్కడ పైమట్టి లేదు," అన్నాను.

"తెలుసు," అన్నాడు మనోజ్‌కుమార్, నవ్వుతూనే. "జూన్‌లో నీ కాంట్రాక్టు రిన్యూ కావాలట కదా. మా పని ఏడాది పొడుగునా ఉంటుంది. మీ సాబ్‌కి నీ పేరు చెబుతాలే."

అంతే. తిట్టలేదు, బెదిరించలేదు. నాకు అంతకంటే ఎక్కువ అక్కర్లేకపోయింది.

ఇంతలో నూకమ్మ వచ్చింది. నెత్తిన తువ్వాలు, చేతిలో కర్ర, చంకన టిఫిను డబ్బా.

"సూరి బావు కొడుకువి కాదేటి నువ్వు? ఎండలో ఏటి సేత్తన్నావు నాయినా?"

"మట్టి పరీక్ష అమ్మమ్మా."

"పరీచ్చయితే గోతిలో ఎందుకు? అటు రా, రెండో సెక్కలో తీద్దువు. గడ్డి దుబ్బు పీకితే మట్టి ఏళ్లని ఒదల్దు. సూపిస్తాను రా."

"ఎక్కడైనా ఒకటే అమ్మమ్మా."

ఆమె నన్ను చూసింది. జీపును చూసింది. గోతిని చూసింది. డబ్బా మూత తీసింది. అందులో సల్దన్నం, పచ్చి ఉల్లిపాయ. ఇక్కడివాళ్లు దాన్నే బాసి అంటారు.

"ముందల ఈ నీళ్లు తాగు. పెదాలు ఎండిపోనాయి."

తాగాను. ఉల్లిపాయ కూడా కొరికాను. తర్వాత గోతిలోకి దిగి ఎనిమిది సంచులు నింపుకున్నాను.

నేను పదో తరగతి దాకా టెక్కలి దగ్గర మా తాత ఊళ్లో పెరిగినవాణ్ని. మా పొలంలో మంద కట్టు, మా పొలంలో కట్టు అని రైతులు గొర్రెలవాళ్ల గడ్డం పట్టుకుని బతిమాలడం కళ్లారా చూసినవాణ్ని. రెండు రాత్రులు మంద పడుకున్న చెక్కలో వరి ఎలా లేస్తుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటివాణ్ని, పశువుల వల్ల నేల చచ్చిందని తేల్చే కాగితానికి అంకె అందించాను. సేంద్రియ కర్బనం 0.21 శాతం. అంకె అబద్ధం కాదు. ఆ గోతిలో అంతే ఉంది.

తర్వాతి ఆదివారం మనోజ్‌కుమార్ మా ఇంటికొచ్చి నాన్న చేతిలో ఒక అర్జీ పెట్టాడు. మా నాన్న అప్పలసూరి ముప్పై ఆరేళ్లు కార్ఖానాలో బొగ్గు కాల్చే కోక్ అవెన్ల దగ్గర పనిచేశాడు. యూనియన్లో ఆయన పేరు చెబితే షిఫ్టు షిఫ్టంతా ఆగిపోయిన రోజులున్నాయి. ఆయన పంపిన కాగితాన్ని ఎవరూ చదివేవారు కాదు. "సూరి కాగితమేనా?" అని అడిగి సంతకం పెట్టేసేవారు. రిటైరై రిసాలిలో ఇల్లు కట్టుకున్నా ఆ మాట చెల్లుతూనే ఉంది. ఇప్పుడు ఆయన గులాబీలు పెంచుతాడు. ఆవు గేటులో మూతి పెడితే కర్ర తీస్తాడు.

అర్జీ హిందీలో ఉంది. నాన్న హిందీలో ఉపన్యాసం ఇవ్వగలడు, తిట్టగలడు, బేరమాడగలడు. చదవలేడు.

"ఏటి రాసున్నాదిరా ఇందులో?" అని నాకిచ్చాడు.

నాలుగో లైనులో ఉంది. "పశువులను ఈ భూమి నుంచి శాశ్వతంగా తొలగించవలసిందిగా ప్రార్థన." నేను చదివాను. రెండుసార్లు చదివాను.

"మొక్కలు, నడకదారి, బెంచీలు. మంచిదే నాన్నా," అన్నాను.

ఆ ఆదివారమే తెలుగు సంఘం వార్షికోత్సవం భోజనాల్లో పులిహోర వరసలో ఆ కాగితం తిరిగింది. పెద్దవాళ్లకు హిందీ అక్షరాలు రావు. అక్షరాలు వచ్చిన పిల్లల్ని ఎవరూ అడగలేదు, వాళ్లు ఐస్‌క్రీం డబ్బా దగ్గరున్నారు. "సూరి కాగితమేనా?" "అవును." రెండు వందల పన్నెండు సంతకాలు. సగం తెలుగులోనే.

మే నెలలో జన్‌సున్‌వాయి నోటీసు వచ్చింది. ప్రజల మాట వింటామని ప్రభుత్వం పెట్టే సభ. నోటీసుకు మా ల్యాబు రిపోర్టు కుట్టి ఉంది. దాని మీద నా పేరు లేదు, మా సాబ్ సంతకమే ఉంది. అందుకని బస్తీ వాళ్లు ఏం చేశారో తెలుసా? రిపోర్టు చదివి చెప్పమని నన్నే పిలిచారు. మన సూరి బావు కొడుకు, చదువుకున్నవాడు, అలాంటి ఆఫీసులోనే పనిచేస్తాడు అని.

సాయంత్రం అయిదింటికి నూకమ్మ పశువుల పాక ముందు నలభై మంది కూర్చున్నారు. నాకు కుర్చీ వేసి టీ ఇచ్చారు.

మొదట ఉమేష్ లేచాడు. నలభై అయిదేళ్ల మనిషి. పాతికేళ్లుగా మనవాళ్లతో మందలు కలిపి తోలడం వల్ల శ్రీకాకుళం తెలుగు మాట్లాడతాడు, మధ్యలో తన మాటలు వేస్తాడు. నూకమ్మను దాయి అంటాడు. వాళ్ల భాషలో అమ్మ అని.

"నోటీసు తరవాత సూద్దాం దాయి. ముందల ఇది సెప్పు. సంతకాలు ఎవులివి? మీ తెలుగోల్లవి. దో సౌ బారహ్, రెండొందల పన్నెండు! పాలు తాగీదీ ఆల్లే, గరువా గొడ్లు ఒద్దనీదీ ఆల్లే!"

"ఆళ్లు పర్మినెంటోళ్లు! మేం ఎట్టినామేటి సంతకాలు?" అని ఒకామె లేచింది.

"బాస ఒకటే కదా?"

"బాస ఒకటైతే కడుపు ఒకటవుద్దేటి? మరి మొరం తవ్వినప్పుడు కంపెనీకి కూలికెల్లింది మీ పల్లెలోళ్లు కాదేటి?"

"ఎల్లినారు! కడుపుకి ఎల్లినారు!"

"మాదీ కడుపే!"

కర్రలు నేలకు కొట్టుకున్నాయి. ఒకరి మీదికొకరు లేచారు. నూకమ్మ పాలచెంబు మీద గరిటెతో టంగుమని కొట్టింది.

"కూకోండి! ఆడు అక్కడ కూకుని నవ్వుతాడు, మీరు ఇక్కడ కొట్టుకు సావండి!"

అప్పుడు పద్మశ్రీ మాట్లాడింది. నూకమ్మ మనవరాలు, బీఎస్సీ రెండో ఏడు. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు కంటే హిందీ ముందొస్తుంది. రిపోర్టు ఆఖరి పేజీ చూపించింది. మట్టి ఎక్కడెక్కడ తీశారో ఆ చోట్ల అక్షాంశ రేఖాంశాలు చిన్న అక్షరాల్లో ఉన్నాయి. తీసిన రోజు నేనే ఫోనులో చూసి రాసినవి. ఆ పేజీ ఎవరూ చూడరనుకున్నాను.

"ఇవి ఫోన్‌లో వేసి చూశా. ఆఠ్ పాయింట్, సబ్ ఏక్ హీ గడ్డే మే. ఎనిమిదీ మొరం గోతిలోనే ఉన్నాయి అమ్మమ్మా. ఒక్కటి కూడా గడ్డి మీద లేదు."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఉమేష్ పళ్లు కొరికాడు.

"ఎవుడు ఆ మట్టి తీసినోడు? దాయి, నువ్వు రోజూ అక్కడే ఉంటావు. సూణ్ణేదా?"

నూకమ్మ నా వైపు చూసింది. నలభై మందిలో నా కుర్చీ ఒక్కటే కుర్చీ.

"ఎండలో నాకు కళ్లు ఆనవు ఉమేసు," అంది.

అదే సమయం. అప్పుడు లేచి నిలబడి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. గ్లాసులో టీ ఇంకా సగం ఉంది. నేను ఆ టీ తాగి, "ఎవరో కనుక్కుని చెబుతాను," అన్నాను.

అందరూ వెళ్లాక పాక దగ్గర ఆగాను. "అమ్మమ్మా, నా పేరు ఎందుకు చెప్పలేదు?"

ఆమె ఆవు కింద కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

"ఆ దూడని కాస్త ఒట్టుకో," అంది.

పాలు పితకడం అయ్యేదాకా దూడను పట్టుకుని నిలబడ్డాను. తర్వాత ఇంటికి పోయాను.

జూన్ మొదటివారంలో సభ. స్కూలు మైదానంలో షామియానా. వేదిక మీద కూలర్లు, అధికారి, మనోజ్‌కుమార్. ముందు రెండు వరసలు ఎర్ర కుర్చీలు, నీళ్ల సీసాలు. అవి సంతకాలు పెట్టిన పౌరులకు. నాన్న మొదటి వరసలో, ఇస్త్రీ చొక్కాతో. వెనక తాటిపత్రిల మీద బస్తీ, పల్లెలు, నాలుగు వందల మంది. ల్యాబు తరఫున ఎవరైనా ఉండాలని నన్ను పంపారు. పక్కనున్న స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను.

మనోజ్‌కుమార్ బొమ్మలు చూపించాడు. ఎర్రటి గోతి బొమ్మ. "అతిగా మేపడం వల్ల చనిపోయిన నేల. కర్బనం 0.21." పశువులు పోవాలి, కంచె రావాలి, యంత్రాలతో కందకాలు తవ్వి వరసగా నీలగిరి చెట్లు నాటాలి. తర్వాత అధికారి అర్జీ చదివాడు. నాలుగో లైను కూడా చదివాడు. "రెండు వందల పన్నెండు మంది పౌరులు. మొదటి సంతకం అప్పలసూరి."

నాన్న లేచాడు.

"ఏటన్నారు? పశువుల్ని ఏటి సెయ్యాలని?"

అధికారి మళ్లీ చదివాడు.

"అలగ అందులో నేదు సార్."

"హై బాబూజీ. చౌథీ లైన్."

వెనక తాటిపత్రి మీంచి ఎవరో అరిచారు. "సూరి కాగితం కదా బాబాయ్! సదవక్కర్లేదు!"

నాలుగు వందల మంది నవ్వారు. ఎర్ర కుర్చీల్లో ముసలివాళ్లు తలలు దించుకున్నారు. నాన్న నవ్వులు ఆగేదాకా నిలబడే ఉన్నాడు. తర్వాత మెల్లగా మెడ తిప్పి స్తంభం వైపు, నా వైపు చూశాడు. చిన్నప్పుడు సెలవులకొచ్చినప్పుడు ఆయన చేత చాలాసార్లు దెబ్బలు తిన్నాను. అన్నిటికీ ఓర్చుకున్నాను. ఆ చూపుకు ఓర్చుకోలేకపోయాను.

నూకమ్మ మైకు దగ్గరికొచ్చింది. మైకు కీచుమంది. పద్మశ్రీ పక్కన నిలబడి ఆమె మాటలు హిందీలో చెప్పింది.

"నాను నూకమ్మని. పన్నెండు ఆవులు నాకు. నేలంతా బీడయిపోనాది అంటన్నారు. మూడో సెక్క మట్టుకు నిజిమే. గొడ్డుకేటి తెలుసు? నాను సేసినాను. రెండేళ్ల కిందట వానల్లేవు. దాణా నేదు. మూడో సెక్కకి పేలిక కట్టున్నాది. ఒక పొద్దున్న నా సేత్తో ఇప్పీసి పన్నెండునీ తోలీసినాను. నన్ను సూసి ఇంకో పదిమంది తోలినారు. నెల్రోజుల్లో గడ్డి ఏళ్లు కూడా మిగల్నేదు. ఆ సిగ్గు నాది."

ఉమేష్ కింద నుంచి చెయ్యి ఊపాడు. "దాయి! ఇప్పుడెందుకు అది!"

"ఇప్పుడే సెప్పాలి ఉమేసు. అబద్దాలు ఆళ్లకాడ సాలా ఉన్నాయి. మనకాడ కూడా ఎందుకు?"

మనోజ్‌కుమార్ చేతులు కలిపి కొట్టాడు. "సర్, ఒప్పుకుంది! ఇది రికార్డు చేయండి!"

"రాసుకోండి," అంది నూకమ్మ. "తప్పు సేసినాక ఏటి సేసినామో అదీ రాసుకోండి. మూడో సెక్క రెండేళ్లుగా మూసీ ఉంచినాం. ఎవులి గొడ్డూ దిగనేదు. మల్లా గడ్డి పడతన్నాది. నానొక్కర్తినీ తప్పు సేసినాను, అందరం కలిసి దిద్దుతన్నాం. మీ గోతిని ఎవులు దిద్దుతారు?"

పద్మశ్రీ మూడు గాజుగ్లాసుల నిండా నీళ్లు తెచ్చి అధికారి బల్ల మీద పెట్టింది. ముగ్గురు ఆడవాళ్లు కొంగుల్లోంచి మూడు మట్టిపెళ్లలు తీశారు. ఒకటి మొరం గోతిది. రెండోది మూడో చెక్కది. మూడోది రెండో చెక్కది. మొదటిది నీళ్లు తగలగానే కరిగి ఎర్రటి బురదై కూర్చుంది. రెండోది సగం కూలింది. మూడోది గ్లాసులో అలాగే నిలబడింది, సన్నటి వేళ్లు నీళ్లలో కదులుతూ.

"జీవం ఉన్న మట్టి నీళ్లలో ఇడిపోదు," అంది పద్మశ్రీ. "దీనికి మెషీన్ అక్కర్లేదు సర్."

"బేటీ, ఇది ల్యాబ్ టెస్టు కాదు," అన్నాడు అధికారి. "ల్యాబు మనిషి చెప్పాలి."

అప్పుడు లేచాను. లేవడమేమిటి, నిలబడే ఉన్నాను, స్తంభం వదిలాను. మైకు దగ్గరికి నడిచాను.

"ల్యాబు మనిషిని నేనే. ఎనిమిది సంచులూ గోతిలోనే తీశాను. తప్పని తెలిసే తీశాను. వద్దని నూకమ్మ చెప్పింది. అర్జీలో ఏముందో నాన్నకు అబద్ధం చెప్పింది కూడా నేనే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అలాంటిదేదో జరుగుతుందని లోపల ఎక్కడో అనుకున్నానేమో, అది కూడా మీ ముందు ఒప్పుకుంటున్నాను. ఉమేష్ పక్కకు తిరిగి ఉమ్మాడు. వెనక నుంచి ఒకామె గొంతు వినిపించింది.

"ఓలమ్మ! ఈడు ఆ నాడు మన మజ్జినే కుర్సీలో కూకుని టీ తాగినాడే!"

అధికారి నన్ను అడిగాడు. "ఇది ల్యాబు లెటర్‌హెడ్ మీద రాసిస్తావా?"

మనోజ్‌కుమార్ అప్పటికే ఫోను చెవి దగ్గరి నుంచి దించాడు. "సర్, ఇతను ఇప్పుడు ల్యాబు మనిషి కాదు."

సరిగ్గా అప్పుడే ఉమేష్ ఫోను మోగింది. అతను విని, తాటిపత్రి మీద నిలబడి కేకపెట్టాడు.

"మిషన్లు దిగిపోనాయి! మనం ఇక్కడ మాటలాడతన్నాం, ఆల్లు అక్కడ తవ్వతన్నారు! రెండో సెక్కలో!"

నాలుగు వందల మంది ఒక్కసారి లేచారు. షామియానా తాళ్లు తెగాయి. రెండు కిలోమీటర్లు పరిగెత్తాం. ఆడవాళ్లు ముందున్నారు. చెప్పులు తెగినవాళ్లు చెప్పులు వదిలేశారు.

మేం చేరేసరికి రెండు జేసీబీలు మూడు కందకాలు తవ్వేశాయి. ఒక్కోటి వంద గజాల పొడుగు. గట్టున పోసిన మట్టి నల్లగా, పిండిలా, వేళ్లతో అల్లుకుని ఉంది. వానపాములు ఎండకు మెలికలు తిరుగుతున్నాయి. ఏప్రిల్‌లో నేను తీయాల్సిన మట్టి అది. పెళ్లగా కాదు, నేలగా దాన్ని మొదటిసారి చూశాను.

నూకమ్మ వెళ్లి యంత్రం తొండం ముందు కూర్చుంది. పక్కన పద్మశ్రీ. పక్కన ఉమేష్. తర్వాత యాదవులు ఎవరో, తెలుగు ఎవరో చూడకుండా వరస పెరిగింది. రెండో షిఫ్టుకు పోతున్న కాంట్రాక్టు కూలీలు రోడ్డు మీద సైకిళ్లు ఆపారు. "క్యా హువా?" అని అడిగి, విని, హాజరు పోతుందని తెలిసీ హెల్మెట్లు నేల మీద పెట్టి కూర్చున్నారు. జేసీబీ డ్రైవరు ఇంజను ఆపేసి దిగాడు. "మేరే ఘర్ మే భీ గాయ్ హై," అని తన ఇంటి ఆవు సంగతి చెప్పి తాళం జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

"భాటా కిస్కా?"

"హమారా!"

"నేలెవులిది?"

"మాది!"

రెండు భాషల్లో అరుపు. పోలీసులొచ్చారు. ముందు వరసలో ఇరవై ముగ్గుర్ని ఎత్తి వ్యాన్లలో వేశారు. నూకమ్మను నలుగురు మోశారు. ఆ వరస చివర కూర్చున్నాను కనుక నన్నూ ఎక్కించారు. వ్యానులో ఉమేష్ పక్కన ఖాళీ ఉంది. నేను కూర్చోబోతే అతను లేచి, నిలబడే వచ్చాడు.

మధ్యాహ్నం మూడింటికి స్టేషను వరండాలో కూర్చోబెట్టి మాకు తలా ఒక ముచ్చలికా ఇచ్చారు. సంతకం పెడితే ఇంటికి పోవచ్చన్నారు. పద్మశ్రీ దాన్ని గట్టిగా చదివి వినిపించింది. ఏడాది దాకా ఆ నేల మీద అడుగు పెట్టం అని ఉంది. ఇరవై ముగ్గురిలో ఎవరూ కలం ముట్టలేదు.

నాలుగింటికి నాన్న వచ్చాడు. ఆయన వెనక పద్దెనిమిది మంది, ఎర్ర కుర్చీల్లో కూర్చున్నవాళ్లే. ఒకాయన చేతిలో మడత మాసిన పాత యూనియన్ జెండా ఉంది. వరండా మెట్ల దగ్గర ఆగారు, పైకి ఎక్కలేదు. నాన్న నా వైపు చూడలేదు. నూకమ్మ ముందు చేతులు జోడించాడు.

"నూకమ్మా, తప్పు మాది. సంతకాలు ఎనక్కి తీసుకుంటన్నాం, కాగితం రాసీసినాం. ఈసారి అందరికీ సదివి ఇనిపించే రాసినాం. జిల్లా ఆఫీసు ముందు టెంటు ఏద్దాం. పేపరోల్లని పిలుద్దాం. ఊరేగింపు తీద్దాం. ఇంకా నీకు మేం ఏటి సెయ్యాలో నువ్వే సెప్పు."

నూకమ్మ మోకాళ్ల మీద ఎండిన మట్టి దులుపుకుంది. ఆకాశంలో నైరుతి వైపు మబ్బు కట్టి ఉంది.

"నాకేటీ ఒద్దు బావూ. రెండో సెక్కలో మూడు గోతులు తీసీసినారు. తొలకరి పడితే ఆ నల్లమట్టంతా కాలవలోకి పోద్ది, మల్లా మా కాలంలో రాదు. రేపు పొద్దున్నే పూడ్సీయాలి. ఊరేగింపు మాట తరవాత. ముందల సెప్పండి, మీలో పార పట్టీవోడు ఎవుడున్నాడు?"

మెట్ల దగ్గర ముసలివాళ్లు పార వదిలేసి ఏళ్లయిన తమ అరచేతుల వైపు చూసుకున్నారు.